గెకో ట్యాంకులో వేడి, తేమ: నెల్లూరు, ప్రకాశం వాతావరణానికి తగ్గ లెక్కలు

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు, కావలి, ఒంగోలు పట్టణాల్లో కొందరు ఇళ్లలో లెపర్డ్ గెకో బల్లులను పెంచుకుంటున్నారు. ఎక్కువ ఇళ్లలో అది పిల్లల ముచ్చట, కొనిచ్చేది పెద్దలు. బల్లితో పాటు ఒక గాజు ట్యాంకు, ఒక హీట్ మ్యాట్ (ట్యాంకు అడుగున పెట్టే, కరెంటుతో వేడెక్కే పలుచటి షీటు), ఒక సంచి ఇసుక, వేడి, తేమ చూపే ఒక ముల్లు మీటరు ఇంటికి వస్తాయి. వాడకం చెప్పే కాగితం ఏదైనా ఉంటే అది గది ఎప్పుడూ 20 డిగ్రీల దగ్గర ఉండే చలి దేశాలకు రాసినది. కత్తెర ఎండల్లో మన డాబా ఇళ్లలో స్లాబు కింది గది అర్ధరాత్రి కూడా 33, 34 డిగ్రీలు ఉంటుంది. ఆ గదిలో కాగితంలో రాసినట్టు మ్యాట్ వేసి ఉంచితే బల్లి బతకదు. కార్తీకంలో వాన పట్టి వారం రోజులు ఎండ లేనప్పుడు ట్యాంకులో తేమ 85 శాతానికి చేరుతుంది, అప్పుడొచ్చే జబ్బులు వేరు. రెండు కాలాలకూ పనికొచ్చే వివరాలు తెలుగులో ఒక్కచోట దొరకడం లేదు కాబట్టి మీ పత్రిక ద్వారా పాఠకులకు అందించాలని రాస్తున్నాను.

లెపర్డ్ గెకో అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలోని రాతి నేలల జంతువు. ఒట్టి ఇసుక దిబ్బల్లో బతికేది కాదు. పగలంతా రాళ్ల సందుల్లో, బొరియల్లో దాక్కుని మునిమాపు వేళ వేటకు వస్తుంది. బయట 42 డిగ్రీలు కాస్తున్నా అది పడుకునే సందులో అంత వేడి ఉండదు, లోపల కాస్త చెమ్మ కూడా ఉంటుంది. ట్యాంకులో మనం కట్టివ్వాల్సింది ఆ సందునే. వెచ్చటి వైపు నేల 31 నుంచి 33 డిగ్రీలు ఉండాలి. చల్లటి వైపు గాలి 24 నుంచి 27 మధ్య ఉండాలి. రాత్రికి 20 దాకా దిగినా ఇబ్బంది లేదు. గాలిలో తేమ 30 నుంచి 40 శాతం, 50 దాకా పర్వాలేదు. బల్లి దూరి దాక్కునే తడి హైడ్ అనే చిన్న డబ్బాలో మాత్రం 70, 80 శాతం కావాలి.

ఈ అంకెల్లో ముఖ్యమైనది రెండు కొసల మధ్య తేడా. బల్లి ఒంట్లో మనలాగా వేడి పుట్టదు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మారుతూ తన వేడిని తానే సర్దుకుంటుంది. ట్యాంకంతా ఒకే వేడిగా ఉంటే, అది 32 డిగ్రీలే అయినా సరే, దానికి తప్పించుకునే చోటు లేదు. పొడవు 60 సెంటీమీటర్లకు తగ్గిన ట్యాంకులో ఈ తేడా నిలబెట్టడం దాదాపు అసాధ్యం. ఎదిగిన గెకోకు 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉన్న ట్యాంకు తీసుకుంటే సగం సమస్యలు రావు. పైన గాజు మూత వద్దు, ఇనుప జాలీ ఉండాలి.

మన వేసవిలో రోజూ చూడాల్సింది చల్లటి వైపు అంకె. అది 30 దాటితే హెచ్చరిక అనుకోండి. 32 దాటితే వెంటనే ఏదో ఒకటి చేయాలి. ట్యాంకు మొత్తం 35 దాటితే కొన్ని గంటల్లోనే ప్రాణం పోవచ్చు. బల్లి నోరు తెరిచి పెట్టడం, చల్లటి వైపు గాజుకు అతుక్కుని ఉండడం, పగటిపూట ఆగకుండా గోడల వెంట తిరగడం, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేకుండా నేలకు చతికిలబడడం వరసగా కనిపించే గుర్తులు. చివరి గుర్తు వచ్చేదాకా ఆగకూడదు. అలా కనిపిస్తే నీడగా ఉన్న చల్లటి గదిలోకి మార్చి, 27, 28 డిగ్రీల నీళ్లు గెకో పొట్ట తడిసేంత లోతుగా పోసిన గిన్నెలో నిలబెట్టాలి. ఐసు నీళ్లలో ముంచడం, నోట్లో నీళ్లు పోయడం రెండూ ప్రమాదమే. ఐసు నీళ్లు ఒక్కసారిగా దిమ్మెరపోయేలా చేస్తాయి, నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తేరుకున్నా డాక్టరుకు చూపించాలి.

ట్యాంకు ఎక్కడ పెడతామన్నది ఏ పరికరం కంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి. కిటికీ ఎండ పడే చోట పెట్టకూడదు. గాజులోంచి దూరిన ఎండ వేడి లోపలే చిక్కుకుని నిమిషాల్లో 45 డిగ్రీలు దాటిస్తుంది. పొద్దున్నే వచ్చే తూర్పు ఎండ అయినా అంతే. పై అంతస్తులో స్లాబు కింద కంటే కింది అంతస్తులో నడిమి గది మేలు. బీరువా మీదో, అటక మీదో కాకుండా నడుము ఎత్తు కంటే తక్కువలో బల్ల మీద పెట్టాలి, వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి. పై అంతస్తు తప్పనివారు డాబా మీద సున్నం గానీ తెల్లటి కూల్ పెయింటు గానీ వేస్తే స్లాబు కక్కే వేడి బాగా తగ్గుతుంది. రేకుల కప్పు ఉన్న గదిలో మాత్రం ఏప్రిల్, మే నెలల్లో గెకోను ఉంచడానికి వీల్లేదు. ఏ ఫ్యానూ అక్కడ సరిపోదు.

చల్లబరచడంలో కోస్తాకూ మెట్టకూ తేడా ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఉదయగిరి వైపు మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉందనుకుందాం. ఆ గాలిని నీటి ఆవిరితో ఎంత చల్లార్చినా దిగగలిగేది 24 డిగ్రీల దాకా. మంచి గడ్డి మ్యాట్లున్న ఎయిర్ కూలరు గదిని 28 దగ్గరికి తెస్తుంది, అది గెకోకు చాలు. అదే కొత్తపట్నం, మైపాడు వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో 33 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే ఎంత నీరు తడిపినా 30 కంటే కిందికి దిగదు. మూడు డిగ్రీల లాభానికి గది అంతా చెమ్మ పడుతుంది. అక్కడ కూలరు దండగ, ఏసీ ఒక్కటే దారి. తడి తువ్వాలు జాలీ మీద కప్పడం కోస్తాలో ఇంకా ప్రమాదం. గాలి ఆడదు, లోపల తేమ 90 దాటుతుంది. నోరు తెరిచి ఆవిరి వదిలి కాస్తయినా చల్లబడే వీలు కూడా బల్లికి పోతుంది.

ఏసీ లేనివారికి, కరెంటు పోయినప్పుడు అందరికీ పనికొచ్చేది గడ్డకట్టించిన నీళ్ల సీసా. అర లీటరు సీసాను తువ్వాలులో చుట్టి స్టీలు పళ్లెంలో పెట్టి, ఆ పళ్లాన్ని చల్లటి కొసన జాలీ మీద ఉంచాలి. చల్లటి గాలి కిందికే దిగుతుంది, సీసాకు పట్టిన చెమట పళ్లెంలోనే ఉండిపోతుంది. ఒక సీసా రెండు మూడు గంటలు వస్తుంది. కరిగినది మళ్లీ గడ్డకట్టడానికి రాత్రంతా పడుతుంది కాబట్టి ఫ్రీజర్‌లో నాలుగు సీసాలు సిద్ధంగా ఉండాలి. సీసాను ట్యాంకు లోపల నేరుగా పెట్టకూడదు. వడగాడ్పులు మరీ ముదిరిన రోజుల్లో రొయ్యల, చేపల రవాణాకు వాడే థర్మాకోల్ పెట్టె మన రెండు జిల్లాల్లో సులువుగా దొరికే వస్తువు. దాన్ని కడిగి ఆరబెట్టి, రంధ్రాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో గెకోను ఉంచి, ఆ డబ్బాను ఒక మూల, చుట్టిన ఐసు సీసాను ఇంకో మూల పెట్టి, మూత వేలెడు సందు ఉండేలా వేస్తే మధ్యాహ్నం గడిచిపోతుంది. లోపల థర్మామీటరు తప్పనిసరి. ఈ పెట్టెలో మరీ చల్లబడిపోవడం కూడా జరుగుతుంది, 24 కంటే కిందికి పోతే సీసా తీసేయాలి.

ఇక హీట్ మ్యాట్. ఏసీ లేని ఇంట్లో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా చాలా రోజులు దాని అవసరమే రాదు. గది 31 దాటే రోజుల్లో ప్లగ్గు పీకి పక్కన పెట్టాలి, ఉత్త స్విచ్ ఆపితే ఇంట్లో ఎవరో ఒకరు మళ్లీ వేస్తారు. ఏసీ గదిలో పెంచేవారి సంగతి వేరు. గది 26లో ఉంటే మే నెలలోనూ వెచ్చటి వైపుకు మ్యాట్ కావాలి. పొట్ట కింద 30 పైన వెచ్చదనం లేకపోతే తిన్న పురుగు సరిగా అరగదు, కడుపులోనే కుళ్లవచ్చు. కానీ పిల్లలు బడికి, పెద్దలు ఉద్యోగానికి పోతూ ఏసీ ఆపేస్తే మధ్యాహ్నానికి గది 36కు చేరుతుంది. పెట్టిన వేడికి చేరగానే కరెంటు ఆపే పరికరమైన థర్మోస్టాట్ మ్యాట్‌ను ఆపుతుంది గానీ గదిని అది చల్లార్చలేదు. ఇలాంటి ఇళ్లలో ఏసీ రోజంతా 27 మీద ఆగకుండా నడవాలి, లేదంటే వేసవికి గెకోను కింది అంతస్తులో చల్లటి గది ఉన్నవారి దగ్గర ఉంచడం మంచిది.

థర్మోస్టాట్ లేకుండా మ్యాట్ వాడకూడదు. మ్యాట్‌కు తనంతట తాను ఆగే గుణం ఉండదు. గది ఎంత వేడిగా ఉంటే దాని మీద తన వేడిని కలుపుతూ పోతుంది. గది 34 ఉన్నప్పుడు మ్యాట్ పైని గాజు 45 దాటగలదు. వెచ్చదనం వెతుక్కునే జంతువు అక్కడే పడుకుంటుంది, పొట్ట చర్మం కాలిన సంగతి బొబ్బ లేచాక గానీ మనకు కనబడదు. ట్యాంకు నేలలో మూడో వంతుకు మించి మ్యాట్ ఉండకూడదు. దాన్ని గాజు అడుగున బయటి వైపు అతికించి, ట్యాంకు నాలుగు మూలలా రబ్బరు బొడిపెలు పెట్టి సెంటీమీటరు ఎత్తు లేపాలి. అడుగున థర్మాకోల్ షీటు వేస్తే వేడి పోయే దారి లేక గాజు పగలవచ్చు. లోపల మ్యాట్ మీద మందంగా ఇసుక పోయడం ఇంకో పొరపాటు. పై ఇసుక చల్లగానే ఉంటుంది, మీటరు బాగానే చూపిస్తుంది. గెకో తవ్వుకుంటూ అడుగు గాజుకు చేరి కాలుతుంది. ఇసుకకు బదులు నాపరాయి పలక గానీ గరుకు టైలు గానీ వేయండి. వేడి సమంగా పరుచుకుంటుంది, కడగడం సులువు, పురుగుతో పాటు ఇసుక మింగి పేగు మూసుకుపోయే బెడదా ఉండదు. వేడి రాయి పేరుతో అమ్మే కరెంటు రాళ్లను అసలు కొనవద్దు. ఒకచోట కాగి ఒకచోట చల్లగా ఉండే ఆ రాళ్ల వల్ల పొట్టలు కాలుతున్నాయి.

మన దగ్గర ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో తేలిగ్గా దొరికే థర్మోస్టాట్ ఎస్‌టీసీ-1000 రకం. గుడ్లు పొదిగే పెట్టెలకు, ఫ్రిజ్‌లకు కూడా దాన్నే వాడతారు కాబట్టి బిగించడం చాలామంది ఎలక్ట్రీషియన్లకు తెలుసు. వెనకున్న ఎనిమిది స్క్రూలలో 1, 2 దానికి కరెంటు ఇచ్చేవి. 3, 4 ప్రోబుకు, అంటే వేడిని కొలిచే వైరు కొసకు. 5, 6 హీటింగ్ రిలే, 7, 8 కూలింగ్ రిలే. ఈ రిలేల్లోంచి కరెంటు దానంతట అది రాదు, అవి ఒట్టి స్విచ్చులు. ఫేజు వైరును లూపు తీసి 5కు ఇచ్చి, 6 నుంచి మ్యాట్‌కు పంపాలి. ఈ లూపు వేయకుండా మీటరు వెలుగుతోంది, మ్యాట్ వేడెక్కడం లేదని వాపసు ఇచ్చేవారున్నారు. స్క్రూలు బయటికి కనబడేలా వదలకుండా ప్లాస్టిక్ పెట్టెలో బిగించాలి. పిల్లలున్న ఇల్లు, ఇది 230 వోల్టుల పని, చేతనైనవారి చేతే చేయించాలి.

సెట్టింగుల్లో ఎఫ్1 అంటే కావాల్సిన వేడి. ఎఫ్2 తేడా, దీన్ని 1.0 పెడితే రిలే మాటిమాటికీ టిక్కుటిక్కుమనదు. ఎఫ్3 ఆలస్యం నిమిషాల్లో. ఎఫ్4 మీటరు తప్పు చూపిస్తుంటే దిద్దే సవరణ. ఎఫ్1ను 32 పెట్టి, ప్రోబును మ్యాట్‌కూ గాజుకూ మధ్య అల్యూమినియం టేపుతో కదలకుండా అంటించాలి. రెండు గంటల తర్వాత లోపలి పలక పైన కొలవండి. ప్రోబు దగ్గర కంటే పలక మీద రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉండడం మామూలు. ఆ తేడాను బట్టి ఎఫ్1ను అర డిగ్రీ చొప్పున పెంచుకుంటూ పలక 32కు చేరేలా చూడాలి. ప్రోబు ఊడి కింద వేలాడితే అది గది గాలిని కొలుస్తుంది. గది చల్లగా ఉందనుకుని మ్యాట్‌ను ఆపకుండా నడిపిస్తుంది. థర్మోస్టాట్ ఉన్నా కాలిన గెకోల విషయంలో ముందు చూడాల్సింది ఈ టేపునే. రెండోది రిలే అతుక్కుపోవడం. ఏళ్ల తరబడి వాడిన రిలేలో కాంటాక్టులు కరిగి అంటుకుంటే సెట్టింగు ఎంత ఉన్నా కరెంటు ఆగదు. దీనికి మందు, అవసరానికి మించిన వాట్ల మ్యాట్ కొనకపోవడం. ఊళ్లకు వెళ్లేవారు 36 మీద కోసేసే రెండో థర్మోస్టాట్‌ను సిరీస్‌లో, అంటే అదే వైరులో మొదటిదాని వెనక, వేయించుకుంటే ఇంకా నిశ్చింత.

కూలింగ్ రిలేతో ఫ్యానును నడిపించుకోవచ్చు. ఇంకో ఎస్‌టీసీ-1000 తెచ్చి ప్రోబును చల్లటి కొసన, నేలకు అరచేయి ఎత్తులో పెట్టి 28 మీద సెట్ చేయాలి. 7, 8 మీద 12 వోల్టుల అడాప్టరు, దానికి కంప్యూటరు ఫ్యాను వేసి, ఫ్యాను జాలీ మీద నుంచి లోపలి వేడి గాలిని బయటికి లాగేలా తిప్పి బిగించాలి. లోపలికి ఊదేలా పెడితే గాలి నేరుగా బల్లి మీద పడి ఒళ్లు ఎండిపోతుంది. గది గాలి కంటే ట్యాంకును చల్లగా చేయడం ఈ ఫ్యాను వల్ల కాదు. లోపల చిక్కుకున్న వేడినీ తేమనూ మాత్రమే తీసేస్తుంది. 

బల్బుల గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. డిసెంబరు, జనవరి పగళ్లలో 25 నుంచి 40 వాట్ల హాలోజన్ బల్బు వెచ్చటి వైపు జాలీ పైన ఉంటే సరిపోతుంది. రాత్రిపూట ఎర్ర బల్బు వద్దు, గెకో కంటికి అది చీకటి కాదు. వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటరు వాడేవారు పింగాణీ హోల్డరు వాడాలి, ప్లాస్టిక్‌ది కరుగుతుంది.

కొలిచే పరికరాలు తప్పయితే పైన చెప్పినవేవీ పనిచేయవు. ట్యాంకుతో ఇచ్చే గుండ్రటి ముల్లు మీటర్లు అతికించిన గాజు వేడినే చూపుతాయి, తేమలో 15, 20 శాతం దాకా తప్పు చెప్పగలవు. వైరు ప్రోబు ఉన్న డిజిటల్ మీటర్లు రెండు కొని, ఒకటి వెచ్చటి కొసన, ఒకటి చల్లటి కొసన ఉంచండి. థర్మామీటరును సరిచూడాలంటే, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరునూ ప్రోబునూ కలిపి 37 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో పెట్టి పోల్చుకోవచ్చు. తేమ కొలిచే హైగ్రోమీటరుకు ఉప్పు పరీక్ష ఉంది. సీసా మూతలో ఒక చెంచా ఉప్పు పోసి తడి ఇసుకలా అయ్యేలా కొన్ని చుక్కల నీళ్లు వేసి, ఆ మూతనూ మీటరునూ గాలి చొరబడని డబ్బాలో పెట్టి రాత్రంతా కదపకుండా ఉంచాలి. పొద్దునకు మీటరు 75 శాతం చూపాలి. 82 చూపితే అది ఏడు ఎక్కువ చెబుతోందని రాసి పెట్టుకోండి. ఈ పరీక్షకు శుద్ధి చేసిన పొడి ఉప్పే వాడాలి. మన ఇస్కపల్లి రాళ్లుప్పు కూరకు ఎంత బాగున్నా అందులో కలిసి ఉండే మెగ్నీషియం లవణాలు తేమను ఇంకా లాగి అంకెను 75 కంటే కిందికి దించుతాయి. ఉపరితలం వేడి చూసే తుపాకీ లాంటి ఇన్‌ఫ్రారెడ్ మీటరు మంచిదే, అయితే దాన్ని గాజు బయటి నుంచి గురిపెడితే గాజు వేడినే చెబుతుంది. మూత తీసి నేరుగా పలక మీదికి చూపాలి. మెరిసే స్టీలు గిన్నె మీద దాని లెక్క పనికిరాదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో పెద్ద భాగం అప్పుడే. ఆ రోజుల్లో కిటికీలు తెరిస్తే తేమ తగ్గుతుందనుకోవడం తప్పు, బయటి గాలే 85, 90 శాతం ఉంటుంది. ఇక్కడ వేడినే తేమకు విరుగుడుగా వాడుకోవచ్చు. 27 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ ఉన్న గాలిని 32 డిగ్రీలకు వేడి చేస్తే, నీటి ఆవిరి ఒక్క చుక్క తగ్గకపోయినా, తేమ 64 శాతానికి పడిపోతుంది. వేడి గాలి ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు కాబట్టి. అందువల్ల వానాకాలంలో పగలు మ్యాట్‌తో పాటు చిన్న బల్బు కూడా వెలిగించడం మేలు. ఏసీ ఉన్నవారు డ్రై మోడ్‌లో రోజుకు రెండు మూడు గంటలు నడిపితే గది 55 దగ్గరికి వస్తుంది. ట్యాంకులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టడం డబ్బు దండగ. జాలీలోంచి కొత్త గాలి వస్తూనే ఉంటుంది, పొట్లాలు గంటల్లో నిండిపోతాయి, పైగా పొట్లం చిరిగితే గింజలు మింగుతుంది.

తేమను పెంచేవి చాలాసార్లు మన చేతులే. నీళ్ల గిన్నె మ్యాట్ మీద ఉంటే రోజంతా ఆవిరి పడుతుంది, దాన్ని చల్లటి కొసకు మార్చి చిన్నది పెట్టండి. కొబ్బరి పొట్టు, నాచు నేలంతా పరిచినవారు వానాకాలానికి వాటిని తీసేసి పలక గానీ వంటింటి టిష్యూ కాగితం గానీ వేయాలి. పొద్దున్నే సాయంత్రం స్ప్రే చేయమని ఎవరైనా చెబితే అది చెట్ల మీద ఉండే వేరే జాతులకు చెప్పిన మాట, లెపర్డ్ గెకోకు వర్తించదు. చల్లగా, తడిగా ఉన్న ట్యాంకులో ఊపిరితిత్తుల జబ్బు పడుతుంది. ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి గాలి పీల్చడం, ఊపిరిలో చిటపట చప్పుడు దాని గుర్తులు. పొట్ట మీద గోధుమరంగు మచ్చలు వస్తే బూజు జబ్బు కావచ్చు. రెండింటికీ ఇంటి వైద్యం లేదు.

గాలి పొడిగా ఉండాలన్నాను గదా అని తడి హైడ్‌ను తీసేయకూడదు. కుబుసం విడిచేటప్పుడు గెకోకు చెమ్మ కావాలి. లీటరు ఐస్‌క్రీం డబ్బాకు పక్కన నాలుగైదు సెంటీమీటర్ల రంధ్రం కోసి అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్ది, లోపల తడిపి పిండిన టిష్యూ కాగితం నాలుగు మడతలు వేసి, ట్యాంకు మధ్యలో, మ్యాట్ అంచు తగిలీ తగలనట్టుగా పెట్టాలి. వేసవిలో రోజు విడిచి రోజు తడపాలి, మెట్ట ఊళ్లలో రోజూ తడపాల్సి రావచ్చు. వానాకాలంలో తడి తక్కువ ఉంచి, మూడు రోజులకోసారి కాగితం మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. కుబుసం ఊడిన మర్నాడు కాలి వేళ్లను ఒక్కొక్కటిగా చూడండి. వేలికి చుట్టుకుని మిగిలిన పొర ఎండి బిగుసుకుంటే రక్తం ఆడక వేలు ఊడిపోతుంది. అలా మిగిలితే 28, 30 డిగ్రీల నీళ్లలో పావుగంట నిలబెట్టి తడి దూదిపుల్లతో మెల్లగా రుద్దాలి. పొడిగా ఉండగా లాగకూడదు.

తుఫాను హెచ్చరిక వినగానే మేత ఆపేయండి. కరెంటు పోతే పొట్ట కింద వెచ్చదనం ఉండదు, తిన్నది అరగదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద గెకో వారం రోజులు తినకపోయినా తోకలోని కొవ్వుతో నెట్టుకొస్తుంది, నీళ్లు మాత్రం ఉండాలి. పిల్ల గెకోలను అన్ని రోజులు మాడ్చకూడదు. మ్యాట్, చిన్న ఫ్యాను కలిసినా 20 వాట్లకు మించవు కాబట్టి ఇన్వర్టరు మీద పెట్టుకోవచ్చు. ఇన్వర్టరు లేకపోతే వేసవికి దాచిన అదే థర్మాకోల్ పెట్టె తీసి, ఐసు సీసాకు బదులు 40 డిగ్రీల వెచ్చటి నీళ్ల సీసా తువ్వాలులో చుట్టి పెట్టాలి. మరిగే నీళ్లు పోయకూడదు. మన తీరంలో తుఫాను రాత్రులు కూడా 20 కంటే పెద్దగా దిగవు, కంగారు పడి అతిగా వేడి చేయడం వల్లే నష్టం ఎక్కువ.

కొనే ముందే జాతిని ఆలోచించుకోవాలని కొత్తవారికి నా విన్నపం. క్రెస్టెడ్ గెకో అందంగా ఉంటుంది, ముద్దొస్తుంది. అది న్యూ కలెడోనియా దీవుల అడవి జంతువు, దానికి 22 నుంచి 26 డిగ్రీలు కావాలి, 28 దాటితే నలిగిపోతుంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పగలూ రాత్రీ ఏసీ నడపలేనివారు నెల్లూరులో దాన్ని తేవడం దానికి అన్యాయం చేయడమే. పశ్చిమ ఆఫ్రికాకు చెందిన ఫ్యాట్ టెయిల్డ్ గెకోకు 50 నుంచి 70 శాతం తేమ సరిపడుతుంది కాబట్టి మన సముద్రతీర ఊళ్లకు తేమ విషయంలో అది లెపర్డ్ గెకో కంటే నప్పుతుంది. వేడి విషయంలో జాగ్రత్తలు మాత్రం ఒకటే. ఇక్కడి కొండల్లో, తోటల్లో తిరిగే బల్లులను పట్టి ట్యాంకులో పెట్టకండి. తిరుమల కొండల బంగారు బల్లి లాంటివి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. విదేశీ జాతి అయినా కొన్న రసీదు దాచుకోవాలి. వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందమైన సైటీస్ పట్టికల్లో ఉన్న జాతి అయితే 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

చివరగా మీకో విన్నపం. మీ జిల్లా పేజీలో రోజూ నెల్లూరు, ఒంగోలు, కావలి గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు వేస్తున్నారు. వాతావరణ శాఖ ఉదయం 8:30కు, సాయంత్రం 5:30కు తేమ శాతం కూడా నమోదు చేస్తుంది. ఆ రెండు అంకెలనూ పక్కనే వేయగలరా? ఈ రోజు కూలరు పనిచేస్తుందా, బల్బు వేయాలా అని గెకో పెంచేవారు ఆ అంకెలు చూసే తేల్చుకోగలరు. మిరప కల్లాల్లో ఆరబోసేవారికి, ఎండు చేపల పని చేసేవారికి కూడా అవి అక్కరకొస్తాయి. అలాగే ఈ రెండు జిల్లాల పశువైద్యశాలల్లో సరీసృపాలను చూసే డాక్టర్లు ఏ రోజు, ఎక్కడ ఉంటారో పశుసంవర్ధక శాఖ నుంచి తెలుసుకుని ప్రచురిస్తే, ఊపిరాడని గెకోను పెట్టెలో పెట్టుకుని ఎక్కడికి పోవాలో తెలియక తిరిగే కుటుంబాలకు మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
సరీసృపాలను పెంచే ఒక పాఠకుడు,
నెల్లూరు